‘పలకలేదు’ కింద నీలం గీత

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా ఆడబిడ్డ గిద్దలూరు నుంచి ఫోన్ చేసింది. భోజనాల గంట అయిపోయి నేను ఏడో తరగతి గదికి వెళుతున్నాను. ఎప్పుడు చేసినా ముందు వాళ్లమ్మ మాత్రలు వేసుకుందా అని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు.

“వదినా, పలకలు ఎప్పటి నించి అమ్ముతుండావు?”

మాది మార్కాపురం. ఇక్కడ పలకలు అమ్మడం వింత కాదు. మా ఆయన రాయి కోయించి, అరగదీయించి, చెక్క చట్రం బిగించి అమ్మేవాడు. ఆయన పోయాక షెడ్డు ఖాళీ చేసి మిషన్లు ఇచ్చేశాము. ఇప్పుడు ఇంట్లో అమ్మడానికి ఒక్క పలక కూడా లేదు.

“ఏ పలకలమ్మా?”

“అదే, నువ్వు బ్లాగు అని రాస్తావు గదా, దాంట్లో. సరిగ్గా మా అన్న పాణం పోయిన కాడ. నీలం రంగు పూసి కింద గీత గీసినావు. నొక్కితే పలకల అంగడి తెరుచుకుంటాంది. పెద్దయి, చిన్నయి, బొమ్మలేసినయి. మా తోడికోడలు అందరికీ చూపిచ్చి నవ్వతాంది. ‘మీ వదిన పీనుగ పక్కనే దుకాణం పెట్టిందే’ అంటాంది.”

“నేను పెట్టలేదు. సాయంత్రం చూస్తాను.”

“పెట్టుకో వదినా. పలకలమ్మిన ఇల్లే గదా మనది. నవ్వేటోళ్లను నవ్వనీ. నా బాధ అది కాదు. పిలిస్తే పలకలేదని ఎందుకు రాసినావు? చివరికి ‘అమ్మా’ అన్నాడని అమ్మకు చెప్పినా గదా నేను. ఆ ఒక్క మాట పట్టుకోని బతకతాంది ఆయమ్మ. అది లేదని తెలిస్తే ఏమైతది?”

“మీ అమ్మకు చదువు రాదు.”

“చదువు రాదు. చెవులుండాయి,” అని పెట్టేసింది.

ఆ పీరియడ్‌లో సంధులు చెప్పాలి. చెప్పాను. తరువాత స్టాఫ్ రూములో కూర్చుని నా బ్లాగు తెరిచాను. నేను రాసింది ఇది: “పొదిలి దాటాక ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. పలకలేదు.” రెండు చోట్లా మొదటి మూడు అక్షరాలు నీలంగా ఉన్నాయి, కింద గీత ఉంది. మిగిలిన రెండు అక్షరాలు నల్లగా ఉన్నాయి. నీలం మీద నొక్కితే చట్రం బిగించిన పలకల వరుస వచ్చింది. పైన ఒక పాప నవ్వుతోంది. ‘మీ బిడ్డ మొదటి అక్షరం మా పలక మీదే’ అని రాసి ఉంది.

అంతకు ముందు రాసిన పోస్టు కూడా చూశాను. అది ఆయన పోయాక మా ఇంటికి వచ్చిన మనుషుల గురించి. అందులో పలకరింపు, పలకరించడం, పలకరించి వెళ్లారు అనే మాటలు చాలా ఉన్నాయి. అన్నిటికీ తల నీలం. ఆ పేజీ సంతలో పరిచిన పట్టాలాగా ఉంది.

మా ఆయన చిన్నతనం నుంచి పలకల పనిలోనే ఉన్నాడు. వాళ్లది కొనకనమిట్ల వైపు పల్లె. వానలు లేక పొలాల్లో కూలి దొరక్క మా అత్తామామలు పిల్లల్ని తీసుకుని మార్కాపురం వచ్చి షెడ్లలో చేరారు. మామ రాయి కోసేవాడు, అత్త నీళ్లు పోసి పలకలు రుద్దేది. మామ దగ్గి దగ్గి పోయాడు. కొడుకు అదే షెడ్డులో పెరిగి, అదే దుమ్ము పీల్చి, చివరికి సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకుని, అతనూ దగ్గడం మొదలుపెట్టాడు. ఒక డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూసి, “ఇందులో మనిషి కంటే రాయే ఎక్కువుంది” అన్నాడు. అది ఆయనకు వినబడేటట్టే అన్నాడు. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చింది.

చివరి రోజు అంబులెన్సులో ఒంగోలు తీసుకెళుతుండగా పొదిలి దాటిన తరువాత పోయాడు. పక్కన నేను, ఆక్సిజన్ చూసే మనిషి ఉన్నాము. డ్రైవరు బండి ఆపి, వెనక్కి తిరిగి, “ఒంగోలు దాకా పోవాల్నా మేడం, తిప్పాల్నా?” అని అడిగాడు. తిప్పమన్నాను.

ఇంటికి చేరేసరికి ఆడబిడ్డ గిద్దలూరు నుంచి వచ్చి ఉంది. శవాన్ని దించుతుంటే అత్త నా భుజాలు పట్టుకుని ఊపింది. “ఏమన్నా అన్నాడా? నా బిడ్డ ఏమన్నా అన్నాడా?” నేను నోరు తెరిచేలోపు ఆడబిడ్డ అందుకుంది.

“అమ్మా అన్నాడంటమ్మా. నిన్నే తలచినాడంట.”

తెలుగులో ‘అంట’ అనేది చాలా పనికొచ్చే ముక్క. అది తగిలిస్తే చెప్పేవాళ్లకు బాధ్యత ఉండదు. ఎవరో చెప్పారు, నేను విన్నాను, అంతే. ఆ రోజు ఆ ఎవరో నేనే. ఇంటివాళ్లలో బండిలో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి నేను చెప్పినట్టే అయింది. చుట్టూ జనం. నేను కాదనలేదు.

చర్చివాళ్లు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూటంలో పాస్టరు ఆ మాట మీదే వాక్యం చెప్పారు. సిలువ మీద నుంచి తల్లిని చూసిన కుమారుడితో పోల్చారు. అందరూ ఏడ్చారు. అప్పటి నుంచి ఇంటికి ఎవరు వచ్చినా అత్త ఆ మాట చెప్పేది. కూర్చోమని, నీళ్లిచ్చి, కొంగు సర్దుకుని మొదలుపెట్టేది.

“‘అమ్మా’ అన్నాడంట. పెండ్లాం పక్కనే కూర్చోనుండాది. పెండ్లాన్ని పిలవలా. నన్నే పిలిచినాడు. కడుపు కడుపే గదమ్మా.”

ఇది నేను గడపలో నిలబడి ఉండగానే చెప్పేది. వచ్చినవాళ్లు నా వైపు చూసి, జాలిపడాలో వద్దో తెలియక టీ తాగేవాళ్లు. మాకు పిల్లలు లేరు. కడుపు మాట వచ్చినప్పుడల్లా కొందరి కళ్లు నా కడుపు మీదికి దిగేవి. ఒకావిడ, మా అత్తకు చెల్లెలి వరస, నేను వింటుండగానే, “పోనీలే అక్కా, నీకన్నా ఒక మాట దక్కింది. ఈ పిల్లకు ఏం దక్కింది?” అంది. అత్త ఆ మాటకు తల ఊపింది. ఆమె ముఖంలో ఆ క్షణాన దుఃఖం లేదు.

నేను బళ్లో తెలుగు చెబుతాను. బ్లాగు మొదలుపెట్టింది ఆయన ఉన్నప్పుడే. మా పడమటి వైపు మాటల మీద చిన్న చిన్న వ్యాసాలు రాసేదాన్ని. ఎద్దుల కొట్టంలో వాడే మాటలు, మిరప కోతల్లో వాడే మాటలు, పలకల షెడ్డులో వాడే మాటలు. చదివేవాళ్లు తక్కువ. ఆయన పోయాక ఆయన గురించి రాశాను. అందంగా రాయలేదు. అందంగా రాసిన చావులు చాలా చదివాను, వాటిలో ఒక్కటి కూడా నాకు సాయపడలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. అందులో ‘అమ్మా’ అన్న మాట లేదు. జరగని దాన్ని ఎక్కడ పెట్టను?

బ్లాగు అద్దె కట్టాల్సిన సమయం వచ్చినప్పుడు మా మరిది దాని మీద చేయి వేశాడు. మా ఆయన తమ్ముడు. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. మంచివాడు. నోరు ఆగదు.

“వదినా, ఇన్నాళ్లూ దానికి నువ్వు తిండి పెట్టినావు. ఇంక అది నీకు పెట్టాల. ప్లగిన్లు వేస్తా.”

“అంటే ఏమిటి?”

“బ్లాగుకు తగిలిచ్చే చిన్న ప్రోగ్రాములు. ఇంటికి మీటరు బిగిచ్చినట్టు. ఇల్లు నీదే, మాటలు నీయే. మీటరు దాని పాటికి అది తిరగతాంటది.”

ముందు ప్రకటనల ప్లగిన్ పెట్టాడు. ఏ పేజీలో ఏముందో చూసి తగిన ప్రకటన అదే తెచ్చి పెడుతుందట. ఆయన ఊపిరి అందక కూర్చునే నిద్రపోయిన రోజుల గురించి రాసిన చోట ఆవిరి పట్టే యంత్రం వచ్చింది. సమాధి గురించి రాసిన చోట ఇళ్ల స్థలాలు వచ్చాయి. నాకు కోపం రాలేదు. యంత్రానికి దుఃఖం తెలియదు, అందుకని అది నటించదు. ఇంటికి వచ్చే మనుషుల కంటే ఆ ఒక్క విషయంలో అది మేలు.

తరువాత ‘ఈ రాత నచ్చితే ఒక టీ తాగించండి’ అని ఒక బొత్తాం పెట్టాడు. నొక్కి, తోచినంత పంపవచ్చు, పక్కన రెండు ముక్కలు రాయవచ్చు. ఒకాయన, “మీ భర్త ఆత్మకు శాంతి కలగాలి. అల్లం టీ తాగండి” అని రాశాడు.

ఇంకొకటి తాళం. పోస్టు సగం దాకా ఊరికే చదవనిచ్చి, మిగతా సగానికి చందా కట్టించే ప్లగిన్. దాన్ని ఎక్కడ వేయాలో చూపించడానికి మరిది తన అంగట్లో అంబులెన్సు పోస్టు తెరిచాడు.

“ఇక్కడ ఆపుదాం వదినా, పొదిలి కాడ. పొదిలి దాటాలంటే డబ్బు కట్టాల. టోల్ గేటు లెక్క.” తన మాటకు తనే పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. ఆ బండిలో ఉన్నది తన అన్న అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. స్క్రూడ్రైవరు కింద పెట్టి, షట్టరు సగం దించి, గోడకు తిరిగి ఏడ్చాడు. బయట ఎవరో, “అన్నా, నా ఫోన్ అయిందా?” అని అడుగుతున్నారు. “అయితాంది, ఉండు” అని ఏడుపు గొంతుతోనే అరిచాడు.

తాళం వద్దన్నాను. మిగిలినవి ఉండనిమ్మన్నాను.

డబ్బు వచ్చింది. పెద్ద మొత్తం కాదు. బ్లాగు అద్దె పోగా అత్త బీపీ మాత్రలకు, గ్యాస్ బండకు సరిపోయేది. ఎక్కువ భాగం ఆ ఒక్క పోస్టు వల్లే వచ్చేది. మాటల మీద రాసినవి ఎవరూ చదవలేదు. “జనం ఏడుపు కాడ ఆగతారు వదినా, మాటల కాడ ఆగరు” అన్నాడు మరిది. నిజమే. ఆ పోస్టు కింద వ్యాఖ్యల్లో చాలామంది ఏడ్చామని రాశారు. ఒకావిడ చాలా బాగుందని మెచ్చుకుని, “రెండో భాగం ఎప్పుడు మేడం?” అని అడిగింది.

ఇవన్నీ నాకు చెప్పి పెట్టినవి. పలకల సంగతి మాత్రం చెప్పలేదు. ఆడబిడ్డ ఫోన్ చేసిన రోజు బడి వదిలాక నేరుగా అంగడికి వెళ్లి అతని ముందు ఫోన్ పెట్టాను. చూసి ముందు గర్వపడ్డాడు.

“అది లింకుల ప్లగిన్ వదినా. మనం ఒక మాట ఇస్తే, ఆ మాట కనపడిన ప్రతి చోటా లింకు అదే వేస్తది. దాంట్లో నించి ఎవరన్నా సరుకు కొంటే మనకు కమీషను. ఏ మాట ఇద్దామా అని ఆలోచన చేసినా. మన ఊరి సరుకే గదా, ‘పలక’ అని ఇచ్చినా.”

“ఇది పలక కాదు. పలకలేదు.”

“ఆ?”

“చదువు.”

చదివాడు. పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదివాడు. తెలుగులో మాట ఒంటరిగా ఉండదు కదా, పలకలు, పలకకు, పలకల మీద అని తోకలు వస్తాయి కదా అని, ఆ మూడు అక్షరాలు ఎక్కడ కనబడినా పట్టుకోమని పెట్టాడట. ఆ ఆలోచన తెలివైనదే. ఇంగ్లీషు రాసేవాళ్లకు ఆ అవసరం అంతగా రాదు. కానీ ఈ ఊళ్లో పుట్టినవాడికి పలక అంటే రాయి. పలకడం అనేది ఒకటుందని అతనికి తోచలేదు.

“మాట మార్చు వదినా, అయిపాయె. మాట్లాడలేదు అని రాయి.”

“మాట్లాడలేదు అంటే అలిగినట్టు ఉంటుంది.”

“బదులియ్యలేదు అను.”

“నేను ప్రశ్న అడగలేదు.”

“స్పందించలేదు. పేపర్లో అట్లనే రాస్తారు.”

“అది డాక్టరు మాట. నేను పిలిచాను. పిలిస్తే పలకాలి. పలకలేదు. దానికి వేరే మాట లేదు.”

అతను ఫోన్ దగ్గరికి లాక్కుని, “నీతో అన్న ఎట్ల ఏగినాడో” అన్నాడు. లింకుల ప్లగిన్ తీసేశాడు. నీలం పోయింది. మాట మళ్లీ ఒకే రంగులోకి వచ్చింది.

ఆ రాత్రి ఆడబిడ్డకు చెప్పాను, తీసేయించానని. “నీలం తీసినావు సరే. ఆ మాట తీసినావా?” అంది. తీయలేదన్నాను.

“ఒక్క మాట వదినా. ‘అమ్మా’ అని ఒక్క మాట చేర్చు. నీ సొమ్మేం పోతది?”

“అనలేదు కదమ్మా.”

“అనలేదు. నాకు తెలవదా? ఊపిరే లేనోడు ఏమంటాడు? అన్నాడని రాస్తే చచ్చినోడు వచ్చి కాదంటాడా?”

ఆమె చెప్పినదానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ బండిలో ఆ చివరి దూరం ఆయన మనిషిగా నేను ఒక్కదాన్నే ఉన్నాను. అక్కడ జరిగింది ఏమీ జరగకపోవడమే. దాన్ని కూడా తీసుకెళ్లి మా అత్త కొంగులో కట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది గొప్ప కారణం కాదు. ఉన్న కారణం ఇదే.

లింకులు పోయాయని కమీషను పోయింది. దానికి బదులుగా మరిది మా ఇంటికి వచ్చి ఇంకొక ప్లగిన్ సంగతి చెప్పాడు. నిజానికి అది కూడా ముందే పెట్టి ఉంచాడు, పోస్టును గొంతుతో చదివి వినిపించేది. ఆడ గొంతు, మనిషిది కాదు. వినేవాళ్లు పేజీ మీద ఎక్కువసేపు ఉంటారు, అంతసేపు ప్రకటనలు మారుతూ ఉంటాయి. ఒక పోస్టు అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలయ్యేటట్టు కూడా పెట్టాడు. అదంతా చెబుతూ, మా అత్త చేతిలో ఉన్న ఫోన్ తీసుకుని, అందులో బ్లాగు తెరిచి ఇచ్చాడు. అది మా ఆయన ఫోను. ఆయన పోయాక అత్త దగ్గరే ఉంటుంది.

“అమ్మా, ఇక్కడ నొక్కితే వదిన రాసింది వినపడతది. నీ గురించి గూడా ఉండాది.”

అత్తకు అది నచ్చింది. పలకల షెడ్డు మాటల మీద నేను రాసిన పోస్టు రోజూ పెట్టుకుని వినేది. తను పలకలు రుద్దిన సంగతి వచ్చిన చోట నవ్వేది. “తప్పు రాసినావు అమ్మాయ్. ముందు గరుకు రాయితో రుద్దతారు, ఆ పైన సన్న రాయితో” అని నన్ను వంటింట్లో నుంచి పిలిచి చెప్పేది. నేను దిద్దేదాన్ని. ఆ కొద్ది రోజులు మేమిద్దరం బాగానే ఉన్నామని చెప్పాలి. ఆమె వినేది ఆ ఒక్క పోస్టే. దాని తరువాత ఇంకొకటి మొదలవకముందే ఆపడం మరిది నేర్పాడు.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చాక ఆడబిడ్డ గిద్దలూరు నుంచి వచ్చింది. భోజనాలు అయ్యాయి. ఆమె వసారాలో కూర్చుని కందులు చెరుగుతోంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అత్త అక్కడే మంచం మీద ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని వింటూ నిద్రలోకి జారింది. పలకల షెడ్డు అయిపోయింది. ఎవరూ ఆపలేదు. యంత్రం గొంతు గుక్క తిప్పుకోకుండా తరువాతిది అందుకుంది.

పొదిలి పేరు వినబడగానే ఆడబిడ్డ చేట వదిలేసి లేచింది. కందులు వసారా అంతా పారాయి. ఆ చప్పుడుకు అత్త కళ్లు తెరిచింది. ఆడబిడ్డ ఫోన్ అందుకోబోతే అత్త దాన్ని గుండెకు నొక్కుకుంది.

“ఉండు. నా కొడుకు మాట వస్తాంది.”

“అది కాదమ్మా, ఇదేందో వేరేది...”

“నోరు మూసుకో. విననీ.”

లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది. మనుషులు వచ్చినప్పుడు ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది. ఆ మాట వస్తుందని ఆమె ముఖం ముందే సిద్ధంగా ఉంది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాను. లేచి ఆపగలిగినంత దగ్గరలోనే ఉన్నాను.

మరిది లింకులు తీసేశాడు గానీ గొంతు పాతదే. మాట రెండు రంగుల్లో ఉన్నప్పుడు రికార్డయి ఉండిపోయిన గొంతు. నీలం ముక్క వేరుగా, నల్ల ముక్క వేరుగా చదివింది.

“పిలిచాను. పలక. లేదు. మళ్లీ పిలిచాను. పలక. లేదు.”

తరువాత ఆక్సిజన్ మనిషి, డ్రైవరు, బండి తిప్పడం వచ్చాయి. అయిపోయింది. అత్త ఇంకా వింటూనే ఉంది.

“ఏ పలక లేదంట?” అంది.

ఆడబిడ్డ ఎంత త్వరగా అబద్ధం ఆడగలదో నాకు తెలుసు. ఆ రోజు కూడా ఆలస్యం చేయలేదు. “అంగట్లో పలకలు అయిపోయినాయంటమ్మా. షెడ్డు సంగతి రాసింది గదా, దాని మిగతాది. ఇటియ్యి ఫోను.”

“అంబులెన్సులో పలకేందే?”

“ఏమో, మిషను పిచ్చిది. ఒకదాంట్లో ఒకటి కలిపేస్తది.”

అత్త కూతుర్ని వదిలేసి నా వైపు తిరిగింది. “అమ్మాయ్, నువ్వు గదా రాసింది. ఏ పలక?”

నాకు ఒక అవకాశం దొరికింది. ‘అవునత్తా, మిషను తప్పు’ అంటే సరిపోయేది. ఆడబిడ్డ కందుల మధ్య నిలబడి నన్ను చూస్తోంది. చేతులు జోడించలేదు గానీ, అంతకంటే ఎక్కువే చేసింది. కళ్లతో బతిమాలింది. జీవితంలో ఆమె నన్ను బతిమాలింది ఆ ఒక్కసారే.

“పలక కాదత్తా. పలకలేదు. పిలిస్తే పలకలేదు,” అన్నాను.

“ఎవరు?”

“ఆయన.”

“అయితే ‘అమ్మా’ అనలా?”

“లేదు. ఏమీ అనలా.”

“నీ నోరు పడిపోను!” అని ఆడబిడ్డ అరిచింది. “చెప్పకపోతే చస్తావా? కంప్యూటరుకు చెప్పినావు, ఊరందరికీ చెప్పినావు, టీ డబ్బులు అడుక్కున్నావు. ముసల్దానికి ఒక్క మాట మిగలనియ్యవా? నువ్వు మనిషివేనా?”

అత్త ఆమె మాట వినలేదు. మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించి, నేల మీద కందుల్ని చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి అడిగింది.

“ఏమని పిలిచినావు?”

“ఆ?”

“వాణ్ని. బండిలో. పిలిచినా పిలిచినా అంటుండావు. ఏమని పిలిచినావు?”

“ఏమయ్యా అని పిలిచాను.”

“పేరు పెట్టి పిలిచినావా?”

“లేదు.”

“పేరు పెట్టి పిలిచుంటే పలికేటోడు,” అంది అత్త. గొంతు పెంచలేదు. “ఏమయ్యా అంటే ఎవరినన్నట్టు? బండిలో ఇంకో ఇద్దరు మొగోళ్లుండారు. వానికెట్ల తెలుస్తది తననే అని?”

నా దగ్గర జవాబు ఉంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒకరోజు అన్నానికి ఆయన్ను పేరు పెట్టి పిలిచాను. కంచం ముందున్న మనిషికి వినబడేలోపే అత్త గరిటె నేలకేసి కొట్టింది. మొగుడి పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని, ఇంకోసారి వినబడితే పుట్టింటికి పంపుతానని చెప్పింది. తరువాత ఆ పేరు నా నోట రాలేదు. ఆస్పత్రిలో అడిగితే కాగితం మీద రాసి చూపించాను. ఇది ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తు చేస్తే ఆమె కూలిపోయేది. నేను చెప్పలేదు. దయతో చెప్పలేదని అనుకోవద్దు. ఆమె అన్నది నిజమేమోనని ఆ క్షణంలో నేను పొదిలి దాటిన ఆ రోడ్డు మీద ఉన్నాను, ఆయన తెరిచిన కళ్ల ముందు ఆ పేరు పెట్టి చూస్తున్నాను.

లేచి కందులు ఎత్తడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆడబిడ్డ కూడా కూర్చుని ఎత్తింది. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. సాయంత్రం ఆమె గిద్దలూరు వెళ్లిపోయింది. వెళ్లేముందు వాళ్లమ్మకు మాత్రలు ఇచ్చింది, నాకు చెప్పలేదు.

మరునాడు మరిది గొంతు ప్లగిన్ తీసేశాడు. “పాత గొంతు చెరిపేయాలని నాకు తోచలా వదినా” అని చాలాసార్లు అన్నాడు. ప్రకటనలు ఉంచమన్నాను. పోస్టు తీసేయమంటావా అని అడిగాడు. వద్దన్నాను. అందులో ఉన్న ప్రతి మాటా జరిగిందే. పిలిచాను అన్న చోట ఏమని పిలిచానో రాద్దామని రెండు మూడుసార్లు కూర్చున్నాను. రాయలేదు. ఇప్పటికీ జనం దాన్ని చదువుతున్నారు. ఇప్పటికీ కొందరు టీ డబ్బులు పంపుతున్నారు. మాత్రలు వాటితోనే వస్తున్నాయి, అత్త వేసుకుంటోంది.

కొనకనమిట్ల వైపు నుంచి అప్పుడప్పుడు మనుషులు వస్తూనే ఉంటారు. ఆలస్యంగా తెలిసినవాళ్లు, కోతల్లో పడి రాలేకపోయినవాళ్లు. మొన్న ఒక ముసలావిడ వచ్చి మంచం అంచున కూర్చుని, “పోయేటప్పుడు ఏమన్నా అన్నాడా అక్కా?” అని అడిగింది. నేను నీళ్ల చెంబుతో గడపలో ఉన్నాను. అత్త నన్ను చూసింది.

“కోడలు పేరు పెట్టి పిలవలేదంట. వాడు పలకలేదంట,” అంది.

ఆవిడ నీళ్లు తాగి, ఎండ ఎక్కువైందని చెప్పి లేచింది. ‘అమ్మా’ అన్నాడని మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చెప్పరు.